రాయి వాటా, మనిషి వాటా

ఆ ఫారంలో కెమిస్టు నింపాల్సిన గడి ఒక్కటే. "నీరు చెడడానికి మూలం: సహజం / మానవ కారణం. వర్తించని దాన్ని కొట్టివేయండి." మిగతా గళ్ళన్నీ పై ఆఫీసువాళ్ళే నింపి పంపించారు. ఫిర్యాదు చేసింది ఊరివాళ్ళు. ఎవరి మీదంటే, ఊరికి తూర్పున గుట్టవారన ఉన్న ఎరువుల ఫ్యాక్టరీ మీద. గడువు ఆరు వారాలు.

ఆమె ఆ ఊరి పేరు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"తెలిసిన ఊరేనా మేడం?" అన్నాడు అటెండరు, సీసాలు కడుగుతూ.

"ఇరవై రెండేళ్ళ కిందట వెళ్ళాను."

నీటి పరీక్షల ల్యాబు అంటే పాత ఆఫీసు భవనం వెనక రెండు గదులు. ముందు గదిలో సీసాల అరలు, వెనక గదిలో మూడు యంత్రాలు. ఏ రోజైనా వాటిలో ఒకటి మొరాయిస్తూనే ఉంటుంది. ఆమెకు యాభై ఆరేళ్ళు, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళ నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి, వాటిలో ఏమేం కరిగి ఉందో అంకెల్లో రాస్తోంది. ఈ మధ్య పొద్దున్నే లేచేసరికే అలిసిపోయి ఉంటోంది. నిద్ర చాలక కాదు, ఎనిమిది గంటలు పడుకున్నా అంతే. "నువ్వు పడుకుని కూడా పనిచేస్తున్నావేమో, కాస్త చూసుకో" అంటాడు భర్త.

ఆఫీసరు ఆమెకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు. మర్యాద తెలిసినవాడే. "ఫ్యాక్టరీవాళ్ళు రాయి అంటున్నారు, ఊరివాళ్ళు ఫ్యాక్టరీ అంటున్నారు. మీరేదో ఒకటి తేల్చేస్తే నా నెత్తిన బరువు దిగిపోతుంది మేడం" అన్నాడు.

"తేలితే తేలుస్తాను సార్" అంది.

ఆ ఊరికి ఆమె మొదటిసారి వెళ్ళింది ఒక పసిబిడ్డ చనిపోయినప్పుడు. పాలు అమ్ముకునే ఒకావిడ నాలుగు నెలల కొడుకు, పెదాలూ గోళ్ళూ నీలంగా మారిపోయి, రెండు రోజుల్లో పోయాడు. పోతపాలు కలిపిన బావి నీళ్ళలో నైట్రేటు ఎక్కువగా ఉందేమోనని డాక్టరు అనుమానించాడు. ఆమె వెళ్ళి పరీక్షించింది. డాక్టరు అనుమానం నిజమైంది. ఉండవలసినదానికి మూడింతలు, నాలుగింతలు ఉంది. ఊళ్ళోని తొమ్మిది బావుల గట్ల మీదా ఎర్రరంగు పూయించి, "తాగరాదు" అని రాయించి వచ్చింది. ఆ ఏడాదే ప్రభుత్వం అక్కడ బోర్లు వేయించింది. ఆ తరవాత ఆ ఊరి నుంచి నీలం బిడ్డల మాట మళ్ళీ వినబడలేదు. తన ఉద్యోగంలో నిజంగా పనికొచ్చిన పనేదైనా ఉందా అని ఎప్పుడైనా అనిపిస్తే, ఆమె ఆ ఊరినే తలుచుకునేది.

ఇప్పుడు ఫిర్యాదు నైట్రేటు గురించి కాదు, ఫ్లోరైడు గురించి.

*

"మేడం, మనం వెళ్ళిన ఏ ఊళ్ళోనూ నాకు మంచినీళ్ళు తాగే యోగం లేదు" అన్నాడు జీపు డ్రైవరు దారిలో. "వాళ్ళు ఇవ్వకపోతే ఒక బాధ, ఇస్తే మీరు తాగనివ్వని బాధ."

మామూలుగా అయితే ఆమె నవ్వేది. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

బడి వరండాలో ముప్పై మంది దాకా పోగయ్యారు. వాళ్ళను పోగుచేసింది బడి టీచరమ్మ. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, గట్టి గొంతుతో ఉంటుంది. ఐదేళ్ళుగా ఫ్యాక్టరీ మీద పోరాటం నడిపిస్తున్నది ఆవిడే. లావుపాటి ఫైలు తెచ్చి కెమిస్టు ముందు పెట్టింది. అందులో అర్జీల నకళ్ళు, ఫొటోలు, బడిలో చదివే నూట పన్నెండు మంది పిల్లల పేర్లతో ఒక పట్టిక. ఒక్కొక్క పేరు ఎదురుగా పళ్ళ మీద మచ్చలు ఎంతున్నాయో రాసి ఉంది. "ఏదీ, పళ్ళు చూపించండి" అని టీచరమ్మ అనగానే ముందు వరసలోని పిల్లలు అలవాటైనట్టు నోళ్ళు తెరిచారు. పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఒక పిల్లయితే నోరు చేత్తో మూసుకుని తల అడ్డంగా ఊపింది.

"వీళ్ళవి పళ్ళే. ఈయన్ని చూడండి" అంది టీచరమ్మ.

కుర్చీలో కూర్చున్న మనిషి దర్జీ. యాభై దాటలేదు. వెన్ను, మెడ బిగుసుకుపోయి ఒకే కొయ్యలో చెక్కినట్టున్నాడు. పక్కకి చూడాలంటే కుర్చీతో సహా తిరగాలి. "కుట్టేటప్పుడు ఎలాగూ కిందికే చూస్తాను కదండీ, పనికేం ఇబ్బంది లేదు" అన్నాడు. 

వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు. "ఈవిడ ఎర్రరంగమ్మ కదూ!"

తనకు ఆ ఊళ్ళో ఒక పేరుందని కెమిస్టుకు అప్పుడే తెలిసింది. జనంలోంచి ఒకావిడ ముందుకు వచ్చి, ఆమె ముఖంలోకి కాసేపు చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడే పాలావిడ. జుట్టంతా నెరిసిపోయినా కెమిస్టు గుర్తుపట్టింది.

రెండు రోజులు అక్కడే తిరిగి నమూనాలు పట్టింది. బోర్లు పద్నాలుగు. పాత బావుల్లో కొన్ని చెత్తతో పూడిపోయాయి, ఊరి మధ్యనున్న మూడింట్లో ఇంకా నీళ్ళున్నాయి. ఫ్యాక్టరీ మురుగు కాలువ నుంచి ఒక సీసా, ఫ్యాక్టరీ గోడ పక్కనున్న తోట బావి నుంచి ఒకటి పట్టింది. ఊరికి పైన, రాళ్ళ వాలు మీద ఒంటరిగా ఒక ఇల్లు, దాని పక్కన ఒక బావి కనబడ్డాయి. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఎలాగూ ఎవరూ తాగని బావే కదా అనుకుని ఎక్కలేదు.

*

వారం తరవాత అంకెలు వచ్చాయి. అవి ఎవరి మాటా వినలేదు.

తప్పు ఫ్యాక్టరీది అయితే ఫ్లోరైడు గోడ పక్కన అన్నిటికన్నా ఎక్కువ ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గాలి. ఫ్యాక్టరీ వాడే సరుకుల్లో ఉండే సల్ఫేటు, ఫాస్ఫేటు కూడా దాని వెంట రావాలి. గోడ పక్క బావిలో సల్ఫేటు బాగానే ఉంది, ఫ్లోరైడు మాత్రం లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఒకటిన్నర దాటితే ప్రమాదం. అన్నిటికన్నా ఎక్కువ, నాలుగు పాయింట్ ఎనిమిది వచ్చింది, ఊరికి పడమటి కొసనున్న బోరులో. ఫ్యాక్టరీ మురుగు అక్కడికి పోవాలంటే వాలు ఎక్కాలి. పైగా ఆ నీటిలో సున్నం దాదాపు లేదు, సోడా ఎక్కువ, వేళ్ళ మధ్య రాస్తే జారుతుంది. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవుండి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకున్న నీళ్ళ లక్షణమది.

రాయే అని రాసేయవచ్చు. కానీ అదే రాయి ఊరి బావుల కింద కూడా ఉంది, బావుల్లో మాత్రం ఫ్లోరైడు లేదు. ఆ బావుల్లో ఉన్నది నైట్రేటు, క్లోరైడు, అంటే పేడా మురుగూ. రాయి ఎక్కడ మొదలవుతుందో, ఏ బోరు ఎంత లోతుకు దిగిందో తెలిస్తే గాని లెక్క కుదరదు. ఊళ్ళో ఎవరినడిగినా "చాలా లోతండీ" అన్నారు తప్ప అంకె చెప్పలేదు. ఆ అంకెలు బోర్లు వేసిన డ్రిల్లరు దగ్గరే ఉండాలి.

ఆ డ్రిల్లరు ఆమె సొంత అన్నయ్య.

అన్నయ్య ఇల్లు పట్నం చివర బస్సు డిపో వెనక. ముప్పై అయిదేళ్ళు బోరు బండి పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. అందరూ తనలాగే చెవిటివాళ్ళన్నట్టు పెద్దగా మాట్లాడతాడు. ఆమె వెళ్ళేసరికి వదిన కూరగాయలు తరుగుతూ, అన్నయ్య చదివి వినిపిస్తున్న పేపరును భరిస్తూ కూర్చుంది.

"ఆ ఊళ్ళో నువ్వేసిన బోర్ల లోతులు కావాలన్నయ్యా."

"ఏంటీ?"

"లోతులంట, లోతులు!" అంది వదిన అతని చెవి దగ్గర.

అతని ముఖం వెలిగిపోయింది. ఇనప బీరువా తెరిచి, అట్టలేసిన నోటుబుక్కుల కట్ట దించాడు. వేసిన ప్రతి బోరుకూ ఒక పేజీ. ఎన్ని అడుగుల మన్ను, ఎన్ని అడుగుల మెత్తరాయి, నల్లరాయి ఎక్కడ తగిలింది, చెమ్మ ఎక్కడ, నీళ్ళు ఎక్కడ. "చూడు, ఒక్కటి కూడా వదల్లేదు. ఇంజినీర్ల దగ్గర కూడా ఇలాంటి లెక్క ఉండదు" అన్నాడు. ఆమె ఒక్కొక్క పేజీ ఫోనులో ఫొటో తీసుకుంటుంటే పక్కనే నిలబడి, ఏ బోరు వేసిన రోజు వాన పడిందో, ఏ బోరుకు రాయి తొలిచే బిట్టు విరిగిందో చెబుతూ వచ్చాడు.

"ఇంతకీ ఎందుకు?"

"ఆ బోర్ల నీళ్ళు బాగాలేవన్నయ్యా."

ఈసారి వదిన తిరిగి చెప్పనక్కర్లేకపోయింది. "బాగాలేకపోవడమేంటి? అద్దంలాంటి నీళ్ళు. పడ్డ రోజు ఊరంతా వచ్చి నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు."

"అద్దంలాగే ఉన్నాయి. కానీ రాతిలోంచి ఫ్లోరైడు వస్తోంది. పిల్లల పళ్ళు పాడయ్యాయి, పెద్దవాళ్ళ ఎముకలు బిగుసుకుపోయాయి."

అతను మంచం మీద కూర్చున్నాడు. తనకు తెలియకుండానే మామూలు గొంతుతో మాట్లాడాడు. "నా పేరు రాస్తావా?"

"నీ పేరెందుకు రాస్తాను? లోతులు రాస్తానంతే."

"ఆ ఊళ్ళో లోతంటే నేనే కదే." నోటుబుక్కులు ఒకదాని మీద ఒకటి సర్దాడు. "నా అంతట నేను వెళ్ళలేదమ్మాయ్. నువ్వు బావులకు రంగు పూశావు, వాళ్ళు నన్ను పిలిచారు. రాస్తే అది కూడా రాయి."

"రాస్తాను" అంది ఆమె.

వదిన టీ ఇచ్చింది. ముగ్గురూ తాగారు. ఆమె బయలుదేరుతున్నప్పుడు అన్నయ్య గుమ్మం దాకా రాలేదు.

*

లోతులు ఒకవైపు, ఫ్లోరైడు ఒకవైపు వేసి గీస్తే దాదాపు తిన్నని గీత వచ్చింది. అరవై అడుగుల వరకు ఏమీ లేదు. నల్లరాయి మొదలైన దగ్గర్నుంచి దిగేకొద్దీ పెరుగుతూ పోయింది. నీళ్ళు తగ్గిన ఎండాకాలాల్లో మరింత లోతుకు తవ్విన బోర్లే అన్నిటికన్నా చెడ్డవి. ఫ్లోరైడు రాయిదే. కానీ ఆ లోతు రాతిలో వేల ఏళ్ళుగా ఎవరి జోలికీ పోకుండా ఉన్న నీళ్ళను పైకి తెచ్చింది మనుషులు.

మర్నాడు, టీచరమ్మ ఇచ్చిన పట్టికను కెమిస్టు మరోసారి తిరగేసింది. నూట పన్నెండు మందిలో ముగ్గురి పేర్ల ఎదురుగా మాత్రం "మచ్చలు లేవు" అని ఉంది. ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు. టీచరమ్మకు ఫోను చేసింది.

"వాళ్ళా? పై ఇంటి అవ్వ మనవలు మేడం. బాగా తోముకుంటారేమో అనుకున్నాను."

"తోముకుంటే పోయే మచ్చలు కావమ్మా అవి. వాళ్ళు ఏ బోరు నీళ్ళు తాగుతారు?"

టీచరమ్మ కాస్త తటపటాయించింది. "బోరుకు రారు మేడం. ఆ అవ్వ ఒక మొండిఘటం. పాత బావి నీళ్ళే తాగుతారు."

మర్నాడే కెమిస్టు మళ్ళీ వెళ్ళింది. ఈసారి మోకాళ్ళను లెక్క చేయకుండా రాళ్ళ వాలు ఎక్కింది. నాలుగు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంది. డెబ్బై అయిదేళ్ళ ముసలమ్మ, నిటారుగా, బావి గట్టు మీద గిన్నెలు బోర్లిస్తోంది. గట్టు మీది రంగు వెలిసి వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. "తాగరాదు" లో "రా" మాత్రం మిగిలింది.

"వచ్చావా ఎర్రరంగమ్మా! ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంది ముసలమ్మ. నోటినిండా పళ్ళున్నాయి.

"తాగొద్దని రాస్తే ఎందుకు తాగావవ్వా?"

"కింద బోరు దాకా దిగి, బిందె మోసుకుంటూ పైకెక్కాలి. నీ మోకాళ్ళు ఇప్పుడేమంటున్నాయో, అప్పుడు నా మోకాళ్ళు అదే అన్నాయి." ముసలమ్మ ఒక గిన్నె పక్కన పెట్టింది. "ఇంకోటి కూడా. ఈ బావి నీళ్ళు నువ్వసలు తీసుకెళ్ళలేదు అమ్మాయ్. నేను గడపలోనే కూర్చుని ఉన్నా. ఆ కింద నిలబడ్డావు, రంగు డబ్బా పట్టుకున్న మనిషికి వేలెత్తి చూపించావు, వెళ్ళిపోయావు. నీళ్ళు చూడకుండానే నీళ్ళు మంచివి కావని ఎలా తెలిసిందా అని చాలా రోజులు అనుకున్నా. చదువుకున్నవాళ్ళకి తెలుస్తుందేమోలే అనుకుని ఊరుకున్నా."

కెమిస్టు సంచీ విప్పింది. మూడు సీసాల్లో నీళ్ళు పట్టింది. 

పాత ఫీల్డుబుక్కులు ల్యాబు అటక మీద ఉన్నాయి. అటెండరు నిచ్చెన వేసి దించాడు. ఇరవై రెండేళ్ళ కిందటి పుస్తకం, తన చేతిరాత, ఇప్పటికన్నా గుండ్రంగా ఉంది. ఆ ఊరి పేజీలో తొమ్మిది వరసలున్నాయి. ఆరింటి ఎదురుగా అంకెలున్నాయి. చివరి మూడింటి ఎదురుగా పైన ఉన్నదే అనే అర్థంలో రెండేసి చుక్కలు. పక్కన చిన్న అక్షరాలతో, "సీసాలు అయిపోయాయి."

అప్పుడు గుర్తొచ్చింది. దారిలో జీపు గోతిలో పడి కొన్ని సీసాలు పగిలిపోయాయి. ఆ రోజు పాలావిడ ఏడుపు ఊరంతా వినిపిస్తోంది. ఆరూ చెడ్డవైతే మిగతా మూడూ చెడ్డవే అయ్యుంటాయి, బతికున్న పిల్లలనైనా కాపాడాలి, ఆలస్యం చేయకూడదు అనుకుంది. తరవాత వచ్చి చూద్దామనుకుంది. తరవాత వేరే ఊరు, ఆ తరవాత ఇంకో ఊరు.

పై బావి నీళ్ళ ఫలితం సాయంత్రానికి వచ్చింది. నైట్రేటు పద్నాలుగు. నలభై అయిదు దాకా ఉన్నా ప్రమాదం లేదు. ఫ్లోరైడు సున్నా పాయింట్ ఆరు. ఆ ఊళ్ళో ఉన్నవాటిలోకెల్లా మంచి నీళ్ళు. బావికి ఎగువన రాళ్ళు తప్ప ఇల్లు గాని, కొట్టం గాని ఎప్పుడూ లేవు. ఆనాడు కూడా మంచివే అయ్యుంటాయి. అయ్యుంటాయని మాత్రమే చెప్పగలదు, ఎందుకంటే ఆనాటి అంకె లేదు. ఆ అంకె లేకపోవడానికి కారణం తనే.

ఆ రోజు ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. భర్త వచ్చి ఒళ్ళు వేడిగా ఉందేమోనని నుదురు పట్టుకు చూశాడు.

"జ్వరం కాదు. తప్పు చేశానండీ."

"ఎప్పుడు?"

"ముప్పై నాలుగేళ్ళ వయసులో."

అతను కిందికి వంగి ఆమె చెప్పులు విప్పాడు.

*

"ఫారంలో గడి ఒక్కటే ఉంది మేడం" అన్నాడు ఆఫీసరు. "మీరు రెండింట్లో ఏదీ కొట్టేయలేదు."

"రెండూ నిజమే సార్. అందుకే నాలుగు పేజీలు జత చేశాను."

అతను చదివాడు. మొదటి పేజీలో రాయి వాటా: లోతు, సోడా, ఫ్లోరైడు గీత. రెండో పేజీలో ఊరి వాటా, ఫ్యాక్టరీ వాటా: బావుల్లోని నైట్రేటు కొట్టాలదీ మరుగుదొడ్ల గుంతలదీ, గోడ పక్క బావిలోని సల్ఫేటు ఫ్యాక్టరీది. నాలుగో పేజీలో చేయవలసిన పనులు. మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో తొమ్మిది బావులను మూసివేయించిన ఆమె సిఫార్సు, వాటిలో మూడు పరీక్షించని సంగతి, ఫీల్డుబుక్కు పేజీ నకలు ఉన్నాయి.

"ఇదెందుకు? ఎవరడిగారు? మనల్ని మనమే ఇరికించుకోవడం కాకపోతే. రెండేళ్ళలో హాయిగా రిటైరవుతారు. ఎవరికీ గుర్తులేని విషయం ఇది."

"ఒక ముసలావిడకు గుర్తుంది సార్."

"ఫ్యాక్టరీవాళ్ళు దీన్ని పట్టుకుని, మీ ల్యాబు అంకెలే నమ్మకూడదు అంటారు. అది ఆలోచించారా?"

ఆలోచించింది. మూడు రోజులు అదే ఆలోచించింది. "అంటే అననివ్వండి. ఈసారి ప్రతి సీసాకూ అంకె ఉంది. ఎవరైనా వచ్చి మళ్ళీ పరీక్షించుకోవచ్చు."

అతను మూడో పేజీని వేరుగా తీసి చాలాసేపు చేతిలో పట్టుకుని, చివరికి ఉన్నచోటే పెట్టాడు. "సంజాయిషీ అడగాల్సి వస్తుంది. నా చేతిలో లేదు" అన్నాడు.

"అడగండి సార్."

*

ఊరివాళ్ళకు ఆ మాట ఎవరో చెప్పగా తెలియడం కన్నా తనే చెప్పడం మంచిదనుకుంది. మళ్ళీ అదే వరండా. నిలబడే చెప్పింది, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. ఫ్లోరైడు ఎక్కడిదో చెప్పింది. నైట్రేటు ఎక్కడిదో చెప్పింది. మూడు బావుల సంగతి చెప్పింది. పై బావి నీళ్ళు మంచివని చెప్పింది.

ముందు టీచరమ్మ లేచింది. "ఐదేళ్ళు మేడం. ఆ గేటు ముందు ఎండలో ఐదేళ్ళు కూర్చున్నాం. ఇప్పుడు రాయి అంటారా?"

"ఫ్యాక్టరీ మంచిదని నేను అనలేదమ్మా. ఆ సల్ఫేటు వాళ్ళదే, దాని మీద పోరాడండి, అంకెలు నేనిస్తాను. పిల్లల పళ్ళు మాత్రం వాళ్ళ పని కాదు."

"మీకు తేలికే. కాగితం మీద గీత గీసి వెళ్ళిపోతారు." టీచరమ్మ ఫైలు మూసేసింది. "ఆ బోరు నీళ్ళు నేనే పట్టి తాగించాను పిల్లలకు. బడిలో కుండ పెట్టింది నేనే."

ఫైలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

దర్జీ తన కుర్చీలో, సరిగ్గా కెమిస్టుకు ఎదురుగా ఉన్నాడు. "అంటే మమ్మల్ని ఆ రాయి దగ్గరికి పంపించింది మీరన్నమాట."

"అవునండీ."

"మీ మీద కోపంతో ముఖం తిప్పుకుని వెళ్ళిపోదామన్నా," అన్నాడతను, "నా మెడ తిరగదు."

ఆ మాటకు ఎక్కడో ఎవరికో నవ్వొచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. కెమిస్టు అతని కళ్ళలోకి చూస్తూ నిలబడింది.  క్షమించమని అడగడం కూడా అతని మీద ఇంకో బరువు పెట్టడమే అనిపించింది.

అందరూ లేస్తుండగా పాలావిడ దగ్గరికి వచ్చింది. "మా బావి పరీక్షించారా, లేదా? అది ఆ ఆరింట్లోదా, ఈ మూడింట్లోదా?"

"ఆరింట్లోదమ్మా. పరీక్షించాను. అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది దాంట్లోనే."

"అయితే నా బిడ్డ సంగతి నిజమే." ఆవిడ తలూపింది. "ఎక్కడి నుంచి వచ్చిందది? నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. రంగు పూసి వెళ్ళారంతే."

 "బావి పక్కనే కొట్టం ఉండేది కదమ్మా. పేడ, మూత్రం భూమిలోకి ఇంకి బావిలోకి దిగాయి. ఆ కాలంలో ఇక్కడ ఎవరికీ తెలియదు."

పాలావిడ ఊరి మధ్యకు, ఆ కొట్టం ఇంకా ఉన్న వైపుకు చూసింది. "చెప్పుంటే జరిపేవాళ్ళం" అంది. "పది గజాలు జరిపేవాళ్ళం. అంతేగా?"

*

ఆ తరవాత జరిగినవి నెమ్మదిగా జరిగాయి. పై బావి పక్కన ట్యాంకు కట్టి, బడి దాకా పైపు వేశారు. ఆ నీళ్ళు తాగడానికే, స్నానాలకూ బట్టలు ఉతకడానికీ బోర్లు చాలునని ఊరంతా ఒప్పుకుంది. ఒప్పుకోనివాళ్ళను పై ఇంటి అవ్వ గట్టు మీద నిలబడి తిట్టి ఒప్పించింది. అందరికన్నా ముందు కొట్టం జరిపింది పాలావిడ. ఫ్యాక్టరీకి సల్ఫేటు గురించి నోటీసు వెళ్ళింది. వాళ్ళు వకీలును పెట్టుకున్నారు, అది ఇంకా నడుస్తోంది. కెమిస్టుకు కూడా ఒక నోటీసు వచ్చింది. మూడు పేజీల జవాబు రాసింది. దాని మీద ఏ నిర్ణయమూ రాలేదు. వస్తుందేమోనని ఎదురు చూడడం కూడా కొన్నాళ్ళకు మానేసింది.

పిల్లల పళ్ళ మచ్చలు పోలేదు, అవి పోవు. దర్జీ మెడ కూడా అంతే. టీచరమ్మ అంకెల కోసం రెండుసార్లు ఉత్తరం రాసింది, రెండింటిలోనూ పని మాట తప్ప ఇంకో మాట లేదు. కెమిస్టు రెండింటికీ అదే రోజు జవాబు పంపింది.

అన్నయ్య మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో నెలలో వదిన ఫోను చేసింది. "మీ అన్నయ్యకు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకటే ధ్యాస. పై వాలులో ఇంకో రెండు బావులు తవ్వచ్చంటాడు, మెత్తరాయి ఎక్కడిదాకా ఉందో తనకే తెలుసంటాడు. తీసుకెళ్ళు తల్లీ, నా చెవులైనా బతుకుతాయి."

తీసుకెళ్ళింది. అరవై నాలుగేళ్ళ మనిషి, చేతికర్రతో రాళ్ళ వాలంతా తిరిగాడు. వంగి మట్టి తీసి నలిపి చూశాడు. రెండు చోట్ల మేకులు పాతించాడు. చుట్టూ చేరినవాళ్ళలో కొందరికి అతనెవరో తెలుసు. ఈసారి ఎవరూ భుజాల మీద ఎత్తుకోలేదు. అతను మాత్రం అందరికీ వినబడేలా అరిచి చెప్పాడు. "ముప్పై అయిదు, నలభై అడుగులు. నల్లరాయి తగిలిందా, అక్కడితో ఆపేయండి. నీళ్ళు చాల్లేదని ఇంకో అడుగు దిగారో, నన్ను పిలవకండి!"

"నిన్నెవరు పిలుస్తారులే" అన్నారెవరో. అది అతనికి వినబడలేదు.

తిరుగు దారిలో అతను జీపు ముందు సీట్లో కూర్చుని, డ్రైవరుకు మెత్తరాయికీ నల్లరాయికీ తేడా గురించి గొంతెత్తి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. డ్రైవరు "అవునండీ, అవునండీ" అంటూ అద్దంలోంచి ఆమె వైపు చూశాడు, కాపాడమన్నట్టు. ఆమె వెనక సీట్లో సీసాల పెట్టెకు తల ఆనించి, అప్పటికే నిద్రపోతోంది.